మీరు మీరు కారు

హృదయ లయ పరిశోధన సంస్థలో స్టోర్సు గుమాస్తా ఒకాయన తన వేలిముద్రకు జిగురుతో అచ్చు పోయించి, దాన్ని పక్క సీటు గుమాస్తా జేబులో పెట్టి, రెండేళ్లపాటు ఇంటి దగ్గరే ఉంటూ ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా హాజరయ్యాడు. సమయపాలనకు ఏటా ఇచ్చే పురస్కారం అందుకోవడానికి వేదిక మీదికి పిలిస్తే రాలేదు. అప్పుడు బయటపడింది.

డైరెక్టరు డాక్టర్ పట్రాయని దక్షిణామూర్తి గారు ఉద్యోగులందరినీ సభాభవనంలో కూర్చోబెట్టారు.

"వేలు అబద్ధం చెబుతుంది. ముఖం అబద్ధం చెబుతుంది. గుండె చెప్పదు. తాళం తప్పిన గుండెలను దారిలో పెట్టడానికి పుట్టిన సంస్థ మనది. మనం ఎవరమో మన గుండె చెప్పకపోతే వేలు చెప్పాలా? సిగ్గుచేటు!"

ఆ మాటలకు అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో, చివరి కుర్చీలో కూర్చున్న డాక్టర్ ఇందుకూరి శైలబాల కూడా కొట్టింది. ఆమెకు నలభై నాలుగేళ్లు. గుండెలంటే ఎంత ఇష్టమో, వాటి యజమానులంటే అంత మొహమాటం. గుండె చెప్పేదంతా కాగితం మీద గీతల్లో చెబుతుంది, మధ్యలో 'ఇంకేంటి సంగతులు' అని అడగదు. అందుకే ఆమె ఈ వృత్తిలోకి వచ్చింది.

నెల తిరగకుండా గేటు దగ్గర యంత్రం వెలిసింది. రెండు అరచేతులూ స్టీలు పలక మీద ఆనించి ఇరవై సెకన్లు నిలబడితే, అది గుండె చప్పుడు చదివి, రికార్డులో ఉన్న చప్పుడుతో పోల్చి చూస్తుంది. సరిపోతే మృదువైన ఆడగొంతుతో, "స్వాగతం. మీరు మీరే" అంటుంది. సరిపోకపోతే అదే మృదుత్వంతో, "క్షమించండి. మీరు మీరు కారు" అంటుంది. దానికి హృదయద్వారం అని డైరెక్టరు గారే పేరు పెట్టారు.

గుండెల నమోదు సోమవారం జరిగింది. అదే పొద్దున పరిపాలనాధికారి తాటిపర్తి జోగారావు గారు బదిలీల జాబితా ఒకటి గేటు గోడకు అంటించారు. నూట పన్నెండు మంది ఉద్యోగులూ ఆ జాబితా మీద పడి, తమ పేరు ఉందో లేదో చూసుకుని, అటునుంచి అటే నమోదు వరసలో నిలబడ్డారు. సాయంత్రానికి జాబితా వెనక్కి తీసుకున్నారు. అది పశుసంవర్ధక శాఖ వారిదట, పొరపాటున వచ్చిందట.

మంగళవారం ఉదయం అందరూ హాయిగా వచ్చి యంత్రం మీద చేతులు పెట్టారు.

"క్షమించండి. మీరు మీరు కారు."

పదకొండు గంటలకు కూడా నూట పన్నెండు మందీ ఎండలోనే ఉన్నారు. కంపెనీ మనిషి వచ్చి, యంత్రం మూత విప్పి, మళ్లీ మూసి, "యంత్రం బాగానే ఉందండీ. మనుషులే మారారు," అన్నాడు.

"మళ్లీ నమోదు చేస్తే పోలేదా?" అని ఎవరో అడిగారు.

జోగారావు గారికి మామూలు తెలుగు రాదని కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా వాడక అలవాటు తప్పింది. "సదరు వ్యక్తి సదరు వ్యక్తియే అని సదరు యంత్రము ధ్రువీకరించిన మీదట మాత్రమే సదరు వ్యక్తి యొక్క పునర్నమోదు అభ్యర్థన పరిశీలనార్హమగును," అన్నారు.

కాబట్టి మిగిలిన మార్గం ఒకటే. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఉద్యోగులందరూ సోమవారం నాటి మనుషులు కావాలి. జోగారావు గారు రోజుకొక కొత్త బదిలీల జాబితా తయారుచేసి గోడకు అంటించసాగారు. జనం జాబితా చదివి, గుండె దడదడలాడుతుండగా పరుగున వచ్చి పలక మీద చేతులు పెట్టేవారు. హాజరు తొంభై నాలుగు శాతానికి చేరింది. రెండో వారానికి జాబితాలు ఉత్తుత్తివని అందరికీ అర్థమై, హాజరు మళ్లీ పడిపోయింది. అప్పుడు కమిటీ కూర్చుని, వారానికి ఒక్క బదిలీ నిజంగా జరగాలని తీర్మానించింది. అప్పటినుంచి వారానికో మనిషి పెట్టె సర్దుకుని వెళ్లిపోయేవాడు. అతని పుణ్యమా అని మిగతావారికి హాజరు పడేది. వీడ్కోలు సభలో డైరెక్టరు గారు ఆ త్యాగాన్ని విడిగా ప్రస్తావించేవారు.

శైలబాలకు బదిలీ అంటే భయం లేదు. ఎక్కడికి పంపినా అక్కడా ఒక గదీ, ఆ గదికి ఒక తలుపూ ఉంటాయి కదా. నమోదు నాడు ఆమె గుండె దడదడలాడింది వరసలో ముందొకరు, వెనకొకరు ఒరుసుకుంటూ నిలబడినందుకు. ఇప్పుడు రోజూ ఆ గుండెను తెచ్చుకోవడానికి ఆమె కళ్లు మూసుకుని, ఆఫీసులో తన పుట్టినరోజు జరుగుతున్నట్టు ఊహించుకునేది. అందరూ పాడుతున్నారు. కేకు ముక్కలు పట్టుకుని పదహారు చేతులు తన నోటివైపు వస్తున్నాయి. "స్వాగతం. మీరు మీరే." అయితే భయం కూడా సబ్బులాంటిది, వాడితే అరుగుతుంది. వారానికి రెండు చేతుల చొప్పున పెంచుకుంటూ పోవలసి వచ్చింది.

ఇదంతా ఆమె ఓర్చుకుంది. ఆమె మనసంతా మాత్ర మీద ఉంది.

గుండె పై గదులు వణుకుతూ, తాళం తప్పి కొట్టుకునే జబ్బుకు ఆమె ఆరేళ్లుగా ఒక మాత్ర తయారుచేస్తోంది. చివరి పరీక్షకు అరవై మంది రోగులను తీసుకుంది. ముప్పై మందికి మాత్ర, ముప్పై మందికి అచ్చం అలాగే కనిపించే చక్కెర బిళ్ల. ఎవరికి ఏది వెళ్లిందో సీలు విప్పేదాకా ఆమెకు కూడా తెలియదు. ఒక్కొక్కరికి ఆరు నెలలకు సరిపడా డబ్బా ఇచ్చి, ఆరు నెలల తరువాత ఆఖరి పరీక్షకు రమ్మంది. రోగులు కూడా గేటు దాటాలి కాబట్టి, వచ్చిన మొదటి రోజే వాళ్ల గుండెలూ యంత్రంలో నమోదయ్యాయి.

పదిహేడో నంబరు రోగి మైలపిల్లి నూకరత్నం. యాభై రెండేళ్ల మనిషి, మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. మొదటి రోజున జబ్బు ఎలా ఉంటుందని అడిగితే, "గుండెకాయలో కోడిపిల్లని కట్టేసినట్టుంటాది డాట్రమ్మా. ఒకపాలి గింజుకుంటాది, ఒకపాలి తొంగుంటాది. ఏ పాలి ఏటి సేత్తాదో దానికే తెల్దు," అని చెప్పింది. ఇరవై ఏళ్ల చదువులో ఆ జబ్బు గురించి అంత సరైన వర్ణన శైలబాల ఎక్కడా చదవలేదు.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఉదయం గేటు కాపలాదారు సింహాచలం ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇక్కడొకావిడ నేను నూకరత్నాన్ని అంటోందండి. యంత్రం కాదంటోందండి."

శైలబాల కిందికి దిగి వెళ్లింది. నూకరత్నం సంచీనిండా ఎండు నెత్తళ్ల చేపలు పట్టుకుని యంత్రంతో తగువాడుతోంది.

"సూడు డాట్రమ్మా, ఈ గుమ్మం నన్ను నాను కాదంతంది! నాను కాకపోతే ఎవులంట? ఇంటికెల్లి మా ఆయన్ని అడగమను, సెప్తాడు నానెవుల్నో!"

శైలబాల ఆమె మణికట్టు అందుకుంది. ఒకటి. ఒకటి. ఒకటి. గోడ గడియారంలా, నింపాదిగా, ఎక్కడా తడబడకుండా. తన ఆరేళ్ల జీవితం తన మూడు వేళ్ల కింద కొట్టుకుంటోంది. ఆ మరుక్షణమే యంత్రం ఈమెను ఎందుకు గుర్తుపట్టలేదో అర్థమైంది.

"నూకరత్నం గారూ, మీకు నయమైపోయింది."

"అవుతే లోనికి రానియ్యరా? జబ్బున్నోల్లనే రానిత్తారా?"

ఆ ప్రశ్నకు సంస్థ నిబంధనల్లో జవాబు ఉంది గాని, మనిషి మొహం చూస్తూ చెప్పగలిగింది కాదు. గేటు బయటే పరీక్ష చేసుకుంటానని శైలబాల అడిగితే జోగారావు గారు ఒప్పుకోలేదు. "ద్వారమునకు ఆవల స్పందించు హృదయము సంస్థ పరిధిలోనికి రాదు," అన్నారు.

వారం తిరిగేసరికి అరవై మందిలో ముప్పై ముగ్గురు లోపలికి రాగలిగారు. ఇరవై ఏడుగురు రాలేకపోయారు. సీలు విప్పి చూస్తే ఆ ఇరవై ఏడుగురూ అసలు మాత్ర మింగినవాళ్లే. మాత్ర మింగినా గుణం కనిపించని ముగ్గురు మాత్రం ఏ అడ్డూ లేకుండా లోపలికొచ్చి, నయం కాలేదని చెప్పి వెళ్లారు.

కంప్యూటరు తన పద్ధతిలో రిపోర్టు తీసింది. శైలబాల మాత్ర: వచ్చినవారు ముగ్గురు, నయమైనవారు ఎవరూ లేరు, జాడ లేనివారు ఇరవై ఏడుగురు. చక్కెర బిళ్ల: ముప్పైకి ముప్పై మందీ హాజరు.

"ముప్పైకి ముప్పై!" అన్నారు డైరెక్టరు గారు పరవశంగా. "రోగిని సంస్థకు ఇంతగా అంటిపెట్టుకునేలా చేసిన మందు నా ముప్పై ఏళ్ల సర్వీసులో చూడలేదు. నీ మాత్ర ఉంది చూశావూ, అది జనాన్ని మాయం చేస్తోందమ్మా. భయంగా ఉంది."

"వాళ్లంతా నయమైపోయారు సార్."

"నయమైతే చూపించాలి కదమ్మా?"

"గేటు బయటే ఉన్నారు సార్. కిటికీలోంచి కనిపిస్తారు."

డైరెక్టరు గారు కిటికీ దగ్గరికి వెళ్లి చూశారు. టీ బడ్డీ రేకు నీడలో ఇరవై ఏడుగురు నిలబడి, టీలు తాగుతూ, ఒకరి నాడి ఒకరికి చూపించుకుని నవ్వుకుంటున్నారు.

"ఎవరో సంతోషంగా ఉన్నారు. వాళ్లు మన రోగులని ఎలా చెప్పగలం?"

"సదరు గుంపును 'సంస్థ పట్ల ఆసక్తి గల అపరిచితులు' శీర్షిక కింద నమోదు చేశాం సార్," అన్నారు జోగారావు గారు.

చివరికి ఒక అవకాశం ఇచ్చారు. ఒక్క రోగిని, యంత్రం ఒప్పుకున్న రోగిని, శుక్రవారం లోపు కమిటీ ముందు నిలబెట్టి నయమైనట్టు నిరూపిస్తే రిపోర్టు మారుస్తారు. లేకపోతే మాత్ర బుట్టదాఖలు. ఇంకెవరికీ ఇవ్వకూడదు, చెయ్యకూడదు.

యంత్రం ఒప్పుకోవాలంటే నూకరత్నం మాత్ర మానెయ్యాలి. నాలుగు రోజులు మానితే పాత గుండె తిరిగి వస్తుంది. టీ బడ్డీ దగ్గర నిలబడి ఆ మాట అడగడానికి శైలబాలకు పావుగంట పట్టింది. నయం చేసిన మనిషిని మళ్లీ జబ్బు తెచ్చుకోమని అడగడంలో ఎంత సిగ్గుందో ఆమె వాక్యాలన్నిటికీ తెలిసిపోయి, ఏదీ పూర్తి కాలేదు.

నూకరత్నం మధ్యలోనే అందుకుంది. "డబ్బాలో ఇంకా పది మాత్రలున్నాయి. ఆ తరవాతేటి?"

"కమిటీ ఒప్పుకోకపోతే ఇంకేమీ ఉండదమ్మా."

"అవుతే ఇంకేటి ఆలోసిత్తావు! పదేల్లు మోసినాను. నాలుగు దినాలు మొయ్యలేనా?"

శుక్రవారం ఆమె వచ్చేటప్పటికి మొహం పాలిపోయి ఉంది, ఒక చెయ్యి గుండెల మీదే ఉంది. ఆ చెయ్యి తీసి పలక మీద పెట్టింది.

"స్వాగతం. మీరు మీరే."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నాను సచ్చేటప్పుడేనా నీ కంటికి ఆనేది?" అని తిట్టి లోపలికి నడిచింది.

కమిటీలో డైరెక్టరు గారు అధ్యక్షులు, జోగారావు గారు కార్యదర్శి, బయటి నిపుణుడిగా ఒక రిటైర్డు ప్రొఫెసరు గారు. నూకరత్నం ఛాతీకి తీగలు తగిలించగానే తెర మీద గీతలు అడ్డదిడ్డంగా ఎగిరాయి.

"ఈవిడకి జబ్బుంది," అన్నారు డైరెక్టరు గారు. "అంటే నీ మందు పనిచెయ్యలేదన్నమాట. సరే, సంతకాలు..."

"రెండు గంటలు ఆగండి సార్." శైలబాల గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఒక మాత్ర తీసి, నూకరత్నానికిచ్చి, నీళ్ల గ్లాసు పట్టుకుంది.

కమిటీ ఆగింది. జీడిపప్పు ఉప్మా వచ్చింది, టీ వచ్చింది. మంచి ఎండుచేపను వాసన చూసి ఎలా పోల్చుకోవాలో నూకరత్నం కమిటీకి చెప్పింది. ప్రొఫెసరు గారు కాగితం మీద రాసుకున్నారు. శైలబాల ఏమీ తినలేదు. తెరకేసి చూస్తూనే ఉంది. ఆ గీతలు సర్దుకోకపోతే ఆరేళ్లు పోతాయి. సర్దుకోకపోతే ఈ మనిషి పోవచ్చు. రెండో ఆలోచన మొదటిదానికంటే పెద్దదిగా ఉండటం ఆమెకు ఆశ్చర్యం కలిగించింది.

ఒంటిగంటా ఇరవైకి గీత ఒక్కసారి తడబడి, ఆగి, ఊపిరి తీసుకున్నట్టయి, ఒకటి, ఒకటి, ఒకటిగా సాగింది.

"అద్భుతం!" అని ప్రొఫెసరు గారు లేచి నిలబడ్డారు. డైరెక్టరు గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నిజమే సుమా," అన్నారు మెల్లగా. ఆయన కూడా ఒకప్పుడు డాక్టరే. ఆ క్షణంలో అది గుర్తొచ్చినట్టు మొహం వెలిగింది.

"ఒక్క క్షణం," అన్నారు జోగారావు గారు. బల్ల కిందనుంచి చేతి యంత్రం ఒకటి తీశారు. "స్వస్థత నిర్ధారించు సమయమున రోగి రోగియే అని మరల ధ్రువీకరించవలెను."

నూకరత్నం రెండు చేతులూ దాని మీద పెట్టింది.

"క్షమించండి. మీరు మీరు కారు."

డైరెక్టరు గారు కుర్చీ వెనక్కి జరిపారు.

"ఈవిడెవరు?"

"నూకరత్నం సార్," అంది శైలబాల.

"నూకరత్నం లోపలికి వచ్చినట్టు రికార్డుంది. బయటికి వెళ్లినట్టు లేదు. ఈవిడ లోపలికి వచ్చినట్టే లేదు. జోగారావు గారూ, మన పేషంటేరి?"

"చీర అదే కదండీ," అన్నారు ప్రొఫెసరు గారు.

"చీర గుండె కాదు సార్," అన్నారు జోగారావు గారు, వంగి బల్ల కింద వెతుకుతూ.

సైరన్ మోగింది. తలుపులు మూశారు. వరండాల్లో మనుషులు పరుగులు పెట్టారు. మరుగుదొడ్లు చూశారు, లిఫ్టు చూశారు, మందుల ఫ్రిజ్ తెరిచి చూశారు.

"నూకరత్నం గారూ! ఓ నూకరత్నం గారూ!"

"ఓయ్! ఇక్కడే ఉన్నాను బాబూ!"

"మీరు మధ్యలో పలక్కండమ్మా! మీవల్లే అయోమయం!"

నూకరత్నం కాసేపు కూర్చుని చూసింది. తరువాత తనూ లేచి, "పాపం, ఆడమనిసి, ఎక్కడ పడిపోనాదో ఏటో," అంటూ బీరువాల వెనక తొంగిచూడసాగింది. ఎంత వద్దనుకున్నా శైలబాలకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. రెండూ కలిసిపోయాక ఏది ఏదో ఆమె విడదీసి చూడలేదు.

మూడు నలభైకి డైరెక్టరు గారు మినిట్స్ చెప్పి రాయించారు: "కమిటీ సభ్యులు చూస్తుండగానే పదిహేడో నంబరు రోగి అదృశ్యమైనది. కారణం, సదరు మాత్ర." సింహాచలం మర్యాదగా నూకరత్నాన్ని బయటికి తీసుకెళ్లాడు.

గేటు బయట ఆమె శైలబాల చెయ్యి పట్టుకుంది. "పోనీలే, ఏడవకు. తొమ్మిది దినాలో పది దినాలో బాగుంటాను కదా. ఆ తరవాత మల్లీ నానే నానైపోతాను. అప్పుడు రానిత్తారు లోనికి."

శైలబాల తన గదికి వెళ్లలేదు. అలవాటుగా కాళ్లు అటే తిరిగాయి. వాటిని ఆపి, జోగారావు గారి గదిలోకి నడిచి, చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"జోగారావు గారూ. సదరు రోగి సంస్థ ఆవరణలో, సంస్థ కమిటీ సమక్షంలో తప్పిపోయింది."

"అవును. మినిట్స్‌లో ఉంది."

"తప్పిపోయిన రోగి బాధ్యత ఎవరిది?"

జోగారావు గారు పెన్ను కింద పెట్టారు.

"ఆమెతో కలిపి ఇరవై ఏడుగురు," అంది శైలబాల. "సంస్థ మందు మింగుతూ, సంస్థ రికార్డుల్లోంచి తప్పిపోయారు. రేపు వాళ్లలో ఎవరైనా దొరికి, దొరికిన క్షణాన మాత్ర అందక వారికేమైనా జరిగితే, పరిపాలనాధికారి ఏ చర్యలు గైకొన్నారని అడుగుతారు."

"అడుగుతారు," అన్నారు జోగారావు గారు. ఎన్నాళ్లకో ఆయన నోట మామూలు తెలుగు వచ్చింది. "ఏం చేద్దామంటారమ్మా?"

"వెతకాలి. ప్రతిరోజూ. వాళ్ల వాటా మాత్రలు వెంట పెట్టుకుని. దొరికేదాకా."

"మాత్ర చెయ్యకూడదని కమిటీ..."

"కొత్త రోగులకు చెయ్యకూడదు. ఇది పాత రోగులను వెతకడానికి కావలసిన సామగ్రి."

జోగారావు గారి ముఖంలో, చక్కటి ఫైలు కళ్లెదుట రూపుదిద్దుకుంటున్నప్పటి ప్రశాంతత కనిపించింది. తెల్లారేసరికి 'అదృశ్య రోగుల అన్వేషణ విభాగం' ఏర్పడింది. డైరెక్టరు గారు పొంగిపోయారు. "తప్పిపోయిన రోగుల కోసం ఇంటింటికీ వెళ్లే సంస్థ దేశంలో ఇంకొకటి ఉందా? ఉంటే చూపించండి!" అని, జీపుకు పచ్చజెండా ఊపారు.

ఇప్పుడు శైలబాల రోజూ ఉదయం ఆ జీపెక్కి ఊళ్లోకి వెళుతుంది. వీధుల వెంట తిరిగి ఇరవై ఏడుగురినీ కలుస్తుంది. నాడి చూస్తుంది, మాత్ర ఇస్తుంది, వాళ్లు ఇంకేంటి సంగతులని అడిగితే కూర్చుని చెబుతుంది. సాయంత్రం రిజిస్టరులో ఇరవై ఏడు పేర్ల ఎదురుగా 'ఆచూకీ లేదు' అని రాస్తుంది. ఎవరైనా దొరికితే ఆ పేరు మీద మాత్ర ఆగిపోతుంది కాబట్టి, ఎవరూ దొరక్కుండా చాలా జాగ్రత్త పడుతుంది.

శనివారాల్లో డైరెక్టరు గారు అడుగుతారు. "ఎవరైనా దొరికారా అమ్మా?"

"ఇంకా లేదు సార్."

"నిరాశపడకు. వెతుకుతూనే ఉండు. రెండో జీపు కూడా ఇస్తాను."

మొన్న మార్కెట్లో నూకరత్నం మాత్ర మింగి, మూతి తుడుచుకుని, పక్కన ముడుచుకుని కూర్చున్న సన్నపాటి మనిషిని ముందుకు తోసింది.

"ఇది మా ఆడబడుసు డాట్రమ్మా. దీనికీ కోడిపిల్లే. ఇదీ తప్పిపోతానంతంది. ఏటి సెయ్యాల?"

శైలబాల ఆ మణికట్టు అందుకుంది. వేళ్ల కింద గుండె గింజుకుంది, ఆగింది, మళ్లీ గింజుకుంది. ఆమె రిజిస్టరు తెరిచి, కొత్త పేజీలో ఇరవై ఎనిమిది అని అంకె వేసింది.

"తొందరపడకూడదమ్మా," అంది. "ముందు సోమవారం గేటు దగ్గరికొచ్చి చేతులు పెట్టి, మీరు మీరేనని రాయించుకోండి. ఆ తరువాత తప్పిపోదురు గాని."